సేవాసంఘము – సహవాసధర్మము

ఊరికి ఉపకారము చేయుటకై ఏర్పడిన సంఘము వారము వారము ఎందులకు సమావేశము కావలెను? కంటి శిబిరములు నడుపవచ్చును, బడిపిల్లలకు పుస్తకములు పంచవచ్చును, రక్తదానము చేయింపవచ్చును. వీనికి కావలసినవి కొంత ధనము, కొంత తీరిక, కొంత శ్రమ. ఇందులకై పాతికమంది పెద్దమనుష్యులు ప్రతి బుధవారము ఒకచోట చేరి, ఫలహారము చేసి, కాఫీ త్రాగి, హాజరు వ్రాయించుకొని, గత సమావేశపు నివేదిక విని ఇండ్లకు పోవలసిన అవసరమేమి? ఆ ఫలహారపు ఖర్చును బీదలకే ఇచ్చినచో పుణ్యము కాదా? ఈ ప్రశ్నను నన్ను పలువురు అడిగియున్నారు. నాలో నేనును పలుమారులు అడిగికొంటిని.

నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, 36 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకొక అర్హత గలదు. బళేపేటలో ఒక చిన్న సేవాసంఘమునకు ఏండ్ల తరబడి హాజరుపట్టీ వ్రాసినవాడను నేనే. ఆ పట్టీ వలన నేను చేసిన ఒక తప్పే ఈ వ్యాసమునకు మూలము.

బెంగళూరున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు బళేపేటను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కెంపేగౌడుడు 1537లో నగరమునకు పునాది వేసెను. ఆ పాత ఊరిలో ఒక్కొక్క వృత్తికి, ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క పేట. అక్కిపేట బియ్యమునకు, అరళెపేట ప్రత్తికి, కుంబారపేట కుమ్మరులకు, గాణిగరపేట గానుగలవారికి. బళే యనగా మన గాజులే. గాజుల పేరు గల ఈ పేటలోనే వీణలు, హార్మోనియములు, మృదంగములు అమ్మువారును, బాగుచేయువారును నేటికిని ఉన్నారు. రంగస్వామి గుడి వీథిలో కొంతదూరము నడచినచో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ, మార్వాడీ అన్నియు చెవిని పడును. అయితే చెవిని పడుట వేరు, చెలిమి కలియుట వేరు. అంగడి ప్రక్క అంగడిలో ముప్పది ఏండ్లు కూర్చుండియు ఒకరి గడప ఒకరు త్రొక్కనివారు ఎందరో కలరు. శుభలేఖలు ఇచ్చిపుచ్చుకొందురు, అంతటితో సరి.

క్లబ్బు అనగానే మన నగరమున ఉల్లాసస్థానమను అర్థమే ముందు తోచును. 1868లో ఏర్పడిన బెంగళూరు క్లబ్బు అట్టిది. విశ్వేశ్వరయ్యగారి పూనికతో 1917లో సెంచరీ క్లబ్బు వెలసెను. వానిని నేను నిందింపను. పనిచేసి అలసినవానికి నలుగురితో కూర్చుండు చోటు కావలసినదే. నేను చెప్పబోవు సంఘము ఆ జాతిది కాదు. రోటరీ, లయన్సు మొదలగు పెద్ద సంఘముల పద్ధతిని చూచి ఏర్పరచుకొనిన చిన్న సంఘము. దాని పేరు ఇచట చెప్పను. పేరు బయటపెట్టుట వలన ఎవరికిని మేలు లేదు. ఒక హోటలు మేడమీది గదిలో ప్రతి బుధవారము సాయంకాలము ఏడు గంటలకు మేము కూడెడివారము. చీరల వర్తకుడు, మందుల దుకాణదారుడు, ప్లీడరు, అచ్చుకూటపు యజమాని, బ్యాంకు ఉద్యోగి, ఉపాధ్యాయుడు, వాద్యములు బాగుచేయు ఒక పెద్దాయన, చివర గుమాస్తానగు నేను.

ఇట్లు పలు వృత్తులవారు ఒకచోట కూర్చుండుట ఈ నేలకు క్రొత్త కాదు. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని అనుభవమంటపమున పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, త్రాళ్ళు పేను చందయ్య సరిసమానముగ కూర్చుండిరని కన్నడ సోదరులు నేటికిని తలచుకొందురు. ఆ బసవేశ్వరుని చరిత్రను 13వ శతాబ్దమున తెలుగున పురాణముగ చెప్పినవాడు మన పాల్కురికి సోమనాథుడు. వృత్తి వేరైనను పీట యొక్కటియే యను భావము మనకు అరువు సొమ్ము కాదు.

అయినను నేటి సేవాసంఘముల పుట్టుకలో గమనింపదగిన విశేషమొకటి కలదు. రోటరీ సంఘము 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరమున పుట్టినది. దానిని స్థాపించిన పాల్ హారిస్ అను న్యాయవాది పల్లెటూర తాత అవ్వల వద్ద పెరిగినవాడు. 1896లో ఆ మహానగరమునకు వచ్చి, పనిదినములలో జనసమూహము నడుమ నుండియు, ఆదివారము వచ్చినచో పలుకరించు దిక్కు లేక ఒంటరితనమును అనుభవించినవాడు. తొలి సమావేశమున ఆయనతో కూర్చున్నవారు ముగ్గురు: ఒక బొగ్గు వర్తకుడు, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ దుకాణపు యజమాని. ఒకరి కార్యాలయము తరువాత మరియొకరి కార్యాలయమున వంతులవారీగ కూడెడివారు గనుక, తిరుగునది యను అర్థమున రోటరీ యను పేరు వచ్చినది. చూడుడు, అచట తొలుత పుట్టినది సేవ కాదు, సహవాసము.

అయితే ఆ సహవాసమునకు వెంటనే ఒక రోగము పట్టుకొనెను. సభ్యులు తమలో తామే వ్యాపారము ఇచ్చిపుచ్చుకొన మొదలిడిరి. ఎవరు ఎవరికి ఎంత వ్యాపారము కల్పించిరో లెక్క వ్రాయుటకు ఒక సభ్యుడే నియమితుడయ్యెను. 1906లో డోనాల్డ్ కార్టర్ అను వకీలును చేరుమని కోరగా, తన సభ్యులకు తప్ప ఊరికి ఏమియు చేయని సంఘమున చేరి ఏమి ప్రయోజనమని ఆయన సందేహించెను. ఆ మాట వారికి తగిలినది. ఆయనను చేర్చుకొని, మార్గము మార్చుకొనిరి. 1907లో నగరమున జనులకై మరుగుదొడ్లు కట్టించు ప్రయత్నమునకు పూనుకొనిరి. అదియే వారి తొలి ప్రజాసేవ. పిదప 1919లో కలకత్తాలోను, 1934లో మన బెంగళూరులోను రోటరీ సంఘములు ఏర్పడినవి.

దీనివలన తెలియునదేమనగా, సేవ లేని సహవాసము బేరముగ మారును. ఇది ఒక ప్రమాదము. దీనికి ఎదురుగ ఇంకొక ప్రమాదము కలదు: సహవాసము లేని సేవ. దానిని నేను కండ్లార చూచితిని, చేతులార చేసితిని.

రోటరీ నియమావళిలో హాజరునకు మొదటినుండియు గొప్ప ప్రాముఖ్యము. తగిన కారణము లేక వరుసగా నాలుగు సమావేశములు తప్పినవాడు సభ్యత్వము కోల్పోవచ్చును. తన ఊరిలో తప్పినవాడు మరియొక ఊరి సంఘమునకు పోయి ఆ లోటు పూడ్చుకొనవచ్చును. 2016లో ఈ విషయమున సంఘములకు చాల స్వేచ్ఛ ఇచ్చిరి. మా చిన్న సంఘము మాత్రము పాత నాలుగు వారముల నియమమునే పట్టుకొనియుండెను. “తగిన కారణము లేక” అను మాటను మేమును వ్రాసికొంటిమి. కాని ఆ కారణమును ఎవరు పోయి అడుగవలెనో వ్రాసికొనలేదు.

2018వ సంవత్సరము చివర జరిగిన సంగతి. వాద్యములు బాగుచేయు ఆ పెద్దాయన వరుసగా నాలుగు బుధవారములు రాలేదు. ఆయన ఇరువది ఏండ్ల సభ్యుడు. సభలో మాటలాడుట తక్కువ. సభ ముగిసిన పిదప కుర్చీలు సర్దుట మాత్రము ఎన్నడును మానలేదు. ఐదవ వారము కార్యవర్గము పట్టీని చూచినది. నాలుగు గడులలో నా చేతి నాలుగు ఎర్రసిరా గుర్తులు. నియమము చదివిరి. ఎవరును మారు పలుకలేదు. సభ్యత్వము రద్దయినట్లు లేఖ వ్రాయుమనిరి. వ్రాసితిని. ఉద్యోగకాలమున అట్టి లేఖలు వందలకొలది వ్రాసినవాడను, చేయి వణకలేదు. ఆ ఆదివారమే మేమందరము మాగడి వైపు ఒక పల్లెకు పోయి, నడువలేని పన్నెండుమందికి చక్రాల కుర్చీలు పంచి, ఫోటో తీయించుకొని వచ్చితిమి.

నెల గడచిన పిదప మనుమరాలి శ్రుతిపెట్టె బాగుచేయించుటకై ఆయన దుకాణమునకు పోయితిని. తలుపు మూసియుండెను. భార్యకు పక్షవాతము వచ్చి రెండు నెలలు దాటినదని ప్రక్క అంగడివారు చెప్పిరి. ఆయన ఇల్లు రంగస్వామి గుడి వీథి వెనుక సందులో. మేము కూడు హోటలునుండి పది నిమిషముల నడక. పోయితిని. ఆమె కిటికీ ప్రక్కన చక్రాల కుర్చీలో కూర్చుండియుండెను. ఆ కుర్చీ నెల బాడుగకు తెచ్చినది.

“లేఖ అందింది స్వామీ. నియమం నియమమే గదా,” అనుచు ఆయన నాకు కాఫీ ఇచ్చెను.

మాకు ఒక్క మాట చెప్పియుండరాదా యని అడిగితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఇచ్చే వరసలో ఇరవై ఏండ్లు కూర్చున్నాను. పుచ్చుకునే వరసలోకి ఎట్ల వచ్చేది స్వామీ?” అనెను. పిదప నా చేతిలోని శ్రుతిపెట్టె తీసికొని, తిత్తి చిరిగిన చోటు వ్రేలితో చూపి, రెండు దినములలో ఇచ్చెదననెను.

ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. ఇచ్చువారు ఒక వరుస, పుచ్చుకొనువారు ఒక వరుస అని మేము ఎన్నడును వ్రాసికొనలేదు. అయినను ఇరువది ఏండ్లు మాతో కూర్చున్న మనిషికి ఆ గీత స్పష్టముగ కనబడినది. తన సభ్యుడే కష్టము చెప్పుకొనుటకు సిగ్గుపడునట్టి సంఘము, ఇతరులకు ఇచ్చునప్పుడు వారి మనస్సులో ఏమి కలిగించుచుండును? మాగడి వైపు కుర్చీలు పుచ్చుకొనిన పన్నెండుమందిలో ఒక్కరి పేరైనను నాకు జ్ఞాపకము లేదు. పన్నెండు అను సంఖ్యను మాత్రము నివేదికలో చక్కగ వ్రాసితిని. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతను మనము గొప్పలు చెప్పుకొనువారిని ఎగతాళి చేయుటకు వాడుదుము. సేవకును అది వర్తించును. ప్రక్క కుర్చీలోని మనిషి బాధను చూడనేర్వని కన్ను దూరపు పల్లెలోని బాధను నిజముగ చూడజాలదు. లెక్క మాత్రమే పెట్టగలదు.

ఇపుడు తొలి ప్రశ్నకు వత్తును. వారము వారము ఎందులకు కూడవలెను? నాకు తోచిన సమాధానమిది. నియతముగ వచ్చువాడు రాకపోయినప్పుడే లోటు తెలియును. ఏడాదికొక తూరి కూడుచోట ఎవరు రాలేదో ఎవరికి తెలియును? రైలుస్టేషనులో వేలమంది నడుమ ఒకడు లేకున్న ఎవరును గుర్తింపరు. పంక్తిలో ప్రతిదినము ప్రక్కన కూర్చుండువాడు లేకున్న విస్తరి ముందు చేయి ఆగును. నియతమైన సమావేశమునకు ప్రయోజనము వచ్చినవారిని చూచుకొనుట మాత్రమే కాదు, రానివానిని ఎరుగుట. ఆ ఎరుక లేనిచో సమావేశము నిజముగ ఫలహారమే.

కార్యాలయపు హాజరుపట్టీలో రాలేదను గుర్తు పడినచో జీతము తగ్గును. అచట అదియే న్యాయము. చేయని పనికి కూలి ఎట్లడుగవచ్చును? సేవాసంఘమునకు ఎవరును జీతమునకై రారు. అచట ఆ గుర్తు ఒక ప్రశ్న. ఏల రాలేదు? ఒంట్లో బాగున్నదా? ఇంటిలో అందరును క్షేమమా? నేను 36 ఏండ్ల అలవాటు చొప్పున ఆ ప్రశ్నను తీర్పుగా చదివితిని.

ఇట్టి గుర్తును సరిగా చదివినచో ఏమి సాధింపవచ్చునో మన దేశమే చూచినది. 1985లో రోటరీ సంఘము పోలియో వ్యాధిని లోకమునుండి తొలగించు కార్యమునకు పూనుకొనెను. మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలాయెను. ప్రభుత్వ సిబ్బందియు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వారును, సేవాసంఘముల సభ్యులును అందు పాల్గొనిరి. ఇల్లిల్లు తిరుగువారు గోడపై సుద్దతో గుర్తు పెట్టెడివారు. పిల్లలందరికి చుక్కలు పడిన ఇంటికి ‘పి’ అను అక్షరము; ఒక్క బిడ్డయైనను మిగిలిన ఇంటికి ‘ఎక్స్’ గుర్తు. ఆ రెండవ గుర్తు ఆ ఇంటిని వదలివేయుటకు కాదు, మరల పోవుటకు. అట్లు మరల మరల పోయినందుననే 2011 జనవరిలో హౌరా జిల్లాలో ఒక బాలికకు సోకినది మన దేశమున సహజ వైరసు వలన వచ్చిన చివరి పోలియో అయినది. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేనిదని ధ్రువపత్రము పొందెను. నా పట్టీలోని ఎర్రగుర్తును నేను ఆ గోడమీది గుర్తువలె చదివియుండవలసినది.

తరువాతి బుధవారము సభలో జరిగినదంతయు చెప్పితిని. కొందరు తల వంచుకొనిరి. కోశాధికారి మాత్రము ఒక మాట అనెను. అది త్రోసివేయదగినది కాదు. “మనవారికి మనము చేసికొనుట సేవ యగునా? జనులు బీదలకని చందా ఇచ్చిరి. ఆ సొమ్ముతో సభ్యులను ఆదుకొన్నచో రేపు ఇది మన సొంత నిధి యగును.” ఆయన అన్నది నిజమే. చికాగోలో కార్టరుకు కలిగిన సందేహమును అట్టిదే. చాలసేపు వాదము జరిగెను. తుదకు తేలినదేమనగా, సొమ్ము ఊరిది, పలుకరింపు మనది. ఊరి సొమ్మును ముట్టకుండ మనిషిని ముట్టవచ్చును. పెట్టెలోని ప్రతి రూపాయి బయటివారికే చెందును. కాని ఒకని ఇంటికి నడచిపోవుటకు ఏ నిధియు అక్కరలేదు.

మరునాడు మేము ముగ్గురము ఆయన ఇంటికి పోయితిమి. ఇద్దరు సభ్యులు తమ సొంత సొమ్ముతో కుర్చీ కొనియిచ్చెదమనిరి. ఆయన ఒప్పుకొనలేదు. ఏమి కావలెనని మరల మరల అడుగగా చెప్పెను: సాయంకాలము ఒక రెండు గంటలు ఆమె వద్ద ఎవరైన కూర్చున్నచో చాలునని. ఆయన సభకు రాకుండుటకు కారణము ధనము కాదు. ఆమెను ఒంటరిగ విడువలేకపోవుట. నాటినుండి ప్రతి బుధవారము మా ఇండ్ల ఆడవారు వంతులవారీగ ఆమె వద్ద కూర్చుండిరి. లేఖను రద్దుచేసితిమి. ఆయన వచ్చెను, కుర్చీలు సర్దెను. మేము ఏవేవో ఊహించి ఇవ్వబోయితిమి. ఆయనకు కావలసినది అడిగినగాని తెలియలేదు. అటుపై శిబిరములకు పోవునప్పుడును ముందుగ ఒకరిద్దరము పోయి అచటివారిని అడిగివచ్చు అలవాటు మాకు కలిగినది.

ఇక ఫలహారపు ఖర్చు. ఆ సొమ్మును బీదలకే ఇండనువారి మాటలో న్యాయము లేకపోలేదు. గొప్ప హోటలులో వందల రూపాయల భోజనము చేసి, పిదప ఆకలిని గూర్చి ఉపన్యాసము వినుట నాకును వింతగనే తోచును. కాని కలిసి తినుట వేరు, గొప్పగ తినుట వేరు. సంఘమున అందరికంటె తక్కువ ఆదాయము గలవాడు సంకోచము లేక ఇచ్చుకొనగలిగినంతయే ఫలహారపు వెల కావలెనని నా అభిప్రాయము. అంతకు మించినచో అతడు ఏదో సాకు చెప్పి మానుకొనును. మనము అతని గడిలో ఎర్రగుర్తు పెట్టుదుము. మా సంఘమున ఇపుడు రెండు ఇడ్డెనలు, ఒక కాఫీ. దానివలన ఎవరికిని చెలిమి తగ్గలేదు.

నేను పట్టీలో నా చేతితోనే ఇంకొక గడి గీచితిని. దానికి ‘విచారించినవారు’ అని పేరు. రాని సభ్యుని ఎవరు పలుకరించిరో వారి పేరు అందు వ్రాయుదును. దానికై తీర్మానము ఏదియు జరుగలేదు, ఎవరును వలదనలేదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చి హోటలు మూతపడినప్పుడు, మా సంఘమునకు మిగిలినది ఆ గడి యొక్కటియే. బుధవారము ఏడు గంటలకు టెలిఫోనులో ఒకరినొకరు విచారించుకొంటిమి. పట్టీలోని పదిమంది పేర్లు ఆ పెద్దాయన తన వంతుగ తీసికొని, భార్య మంచము ప్రక్కన కూర్చుండి ఒక్కొక్కరికి ఫోను చేసెడివాడు. 2021 మే నెలలో మా సభ్యులు ఇద్దరు కరోనా వలన గతించిరి. కడచూపునకు పోలేకపోతిమి. ఆ వారము వారిద్దరి గడులలోను ఆయన పేరే ఉన్నది. ఆ పిలుపు వారిని బ్రతికింపలేదు. అట్లని నేను చెప్పను. కాని తలచుకొనువారు లేక పోయిరని మాత్రము ఎవరును అనజాలరు.

ఈ సంచిక చదువుచున్న మన తెలుగువారికి ఇంకొక మాట. భాష ఒక్కటే గనుక మన సహవాసము పుట్టుకతోనే సిద్ధమై యున్నదని మనము తలచుచున్నాము. వయ్యాలికావలులోని శ్రీకృష్ణదేవరాయ కళామందిరమున ఉగాది సభ జరిగిననాడు అందరును మనవారే. మరునాటినుండి ఎవరి ఇల్లు వారిది. పేటలలోనుండి పిల్లలు విజయనగరమునకు, బనశంకరికి, వైట్‌ఫీల్డునకు వెడలిరి. కొందరు సముద్రములు దాటిరి. పాత ఇండ్లలో అవ్వ తాతలు మిగిలిరి. వారితో ఇంటి తెలుగులో రెండు మాటలాడువారు ఎందరు? సభ్యుల పట్టిక ప్రతి సంఘమునకు ఉండును. చందాల కాలమున దానిని బయటికి తీయుదుము. నెలకొకమారు తీసి, ఎవరు చాల దినములుగా కనబడలేదో చూచినచో, ఆ పట్టిక సంఘమునకు ప్రాణమగును. పేటకొకరు ఈ పనికి పూనుకొన్నను చాలును. దీనికి విద్య అక్కరలేదు, ధనము అక్కరలేదు. మెట్లెక్కి తలుపు తట్టు ఓపిక చాలును.

సేవ, సహవాసము ఈ రెంటిలో ఏది గొప్పదను వాదము నాకు తెలియదు. ఒకటి లేక రెండవది చెడునని మాత్రము నా చేతి వ్రాత వలననే నేర్చుకొంటిని. నేటికిని ఆ పట్టీని నేనే వ్రాయుచున్నాను. వచ్చినవారి పేర్లు వ్రాయుట అయిదు నిమిషముల పని. మిగిలిన గడి నింపుటకు వారమంతయు పట్టును. పెద్దలు నా మాటలలోని దోషములను మన్నింతురు గాక.